ఎవరూ ఏమీ అనకుండానే 90 నుంచి 83కి: ఒక ఫ్రీలాన్స్ స్కోరు కథ

2025 ఫిబ్రవరి రెండో వారం. రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది. "అక్కా, పడుకున్నావా? నా స్కోరు 83 అయిపోయింది. బ్యాడ్జి కూడా తీసేశారు. నేనేం చేశానక్కా?"

కాకినాడ అమ్మాయి. ఇద్దరు పిల్లలు. అమెరికాలో చిన్న చిన్న వ్యాపారాలకి బుక్‌కీపింగ్ చేస్తుంది. క్విక్‌బుక్స్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బ్యాంకు స్టేట్‌మెంట్లు కలపడం, రసీదులు ఖాతాల్లో వేయడం, జనవరి వస్తే 1099 ఫారాలకి (బయటివాళ్ళకి పనికిచ్చిన డబ్బు చూపించే అమెరికా పన్ను ఫారాలు) లిస్టులు తయారుచేయడం. నేనూ ఆ పనే ఎనిమిదేళ్ళు చేసి, ఇప్పుడు విజయవాడలో కూర్చుని ఇలాంటివాళ్ళ ప్రొఫైళ్ళు చూసిపెడుతుంటాను. ఆమెకి ఈ పనులు దొరికేది ఒక ఫ్రీలాన్స్ సైటులో. క్లయింట్లతో పనులు ఎలా ముగిశాయో చూసి అక్కడ స్కోరు వేస్తారు, అది బాగుంటే బ్యాడ్జి ఇస్తారు. ఆ సైటు పేరు రాయను. జరిగిందేదో వాళ్ళు రాసుకున్న లెక్క ప్రకారమే జరిగింది. పైగా ఇలాంటి లెక్క వాడేది ఆ ఒక్క సైటే కాదు.

ఆమె ఫోన్ చేసేసరికే అనుమానం ఒక మనిషి మీద పడిపోయింది. ఒహాయోలో హోటల్ నడుపుకునే ఆయన, అక్టోబరు నుంచి గంటల లెక్కన పని ఇస్తున్నాడు. జనవరి నెలాఖరు హడావిడిలో ఆయన పని ఒక రోజు ఆలస్యమైంది. "ఆయనే లోపల ఏదో నొక్కి ఉంటాడు" అని ఒక మెసేజ్ టైప్ చేసి పెట్టుకుంది. నాకు చదివి వినిపించింది. సగం బతిమాలుడు, సగం నిష్ఠూరం. ముందు అది తీసెయ్యమన్నాను. ఆయన కాంట్రాక్టు ఇంకా నడుస్తోంది, ఆయన ఫిర్యాదు చేసిన గుర్తేమీ లేదు. ఆ మెసేజ్ వెళ్తే లేని అసంతృప్తి అప్పుడు పుడుతుంది. ఈ పనిలో నేను చూసిన నష్టాల్లో స్కోరు పడ్డం వల్ల జరిగినవాటికంటే, స్కోరు పడిందని కంగారులో రాసిన మెసేజ్‌ల వల్ల జరిగినవే ఎక్కువ.

మర్నాడు కూర్చున్నాం. ఆమె అక్కడ, నేనిక్కడ, మధ్యలో వీడియో కాల్, నా చేతిలో పిల్లల రూళ్ళ నోటుబుక్కు.

ఆమె ప్రొఫైల్ మీద రెండు అంకెలుంటాయి. ఒకటి నక్షత్రాలు: 4.96. రెండోది శాతం: 83. రెండూ సొంత అన్నదమ్ములని అందరూ అనుకుంటారు. నిజానికి దూరపు చుట్టాలు. నక్షత్రాలు నలుగురికీ కనబడతాయి కాబట్టి మొహమాటం వాటిని ముంచేస్తుంది. పెళ్ళిలో ఆడపిల్ల తండ్రి ఎదురొచ్చి "భోజనాలు ఎలా ఉన్నాయండీ" అంటే సాంబారులో ఉప్పు తక్కువైందని ఎవరు చెబుతారు? ఈ మొహమాటం సైట్లకి కొత్తేమీ కాదు. కొనేవాళ్ళు చెడ్డగా రాస్తే అమ్మేవాళ్ళు తిరిగి చెడ్డగా రాసి కసి తీర్చుకుంటున్నారని 2008లో ఈబే, అమ్మేవాళ్ళు కొనేవాళ్ళకి నెగెటివ్ ఇచ్చే వీలే తీసేసింది. 2014లో ఎయిర్‌బీఎన్‌బీ, ఇద్దరూ రాసేదాకా ఎవరిదీ ఎవరికీ చూపించకూడదని పెట్టింది. ఫ్రీలాన్స్ పనుల సైటు అప్‌వర్క్‌లోనూ అంతే, 14 రోజుల గడువు, ఈలోగా ఇద్దరూ రాస్తేనో గడువు తీరితేనో తెర తీస్తారు. అయినా నక్షత్రాలు ఏటికేడు పైకే పోయాయి. ఒక ఆన్‌లైన్ పనుల మార్కెట్ మీద ఫిలిప్పాస్, హార్టన్, గోల్డెన్ అనే ముగ్గురు పరిశోధకులు ఇదే గమనించారు: పనిచేసినవాళ్ళకి నష్టం చేయడం ఇష్టంలేక అందరూ ఎక్కువ వేస్తారు, అందరూ ఎక్కువ వేసేసరికి మామూలు మార్కే తక్కువలా కనబడుతుంది, దాంతో తర్వాతివాళ్ళు ఇంకా ఎక్కువ వేస్తారు.

అందుకే సైట్లు చాటుగా ఇంకో ప్రశ్న అడుగుతాయి. ఈ మనిషిని ఇంకొకరికి సిఫారసు చేస్తారా, 0 నుంచి 10 మధ్య చెప్పండి అని. దాని జవాబు పనిచేసినవాళ్ళకి ఎప్పటికీ కనబడదు. ఈ ప్రశ్న కంపెనీలు కస్టమర్లని అడిగే పాత ప్రశ్నే. 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ ప్రచారంలోకి తెచ్చిన నెట్ ప్రమోటర్ స్కోరు. అందులో 9, 10 వేసినవాళ్ళు మనవాళ్ళు. 7, 8 అటూఇటూ కానివాళ్ళు. 6, అంతకంటే తక్కువ వేసినవాళ్ళు మనకి వ్యతిరేకులు. మనవాళ్ళ శాతంలోంచి వ్యతిరేకుల శాతం తీసేస్తే స్కోరు. ఫ్రీలాన్స్ సైట్లు సరిగ్గా ఈ గీతల దగ్గరే గీస్తాయని నేననను, కానీ వాసన అదే. ఈ గీతలు చెప్పినప్పుడు ఆమె నవ్వేసింది. "అక్కా, మా డిగ్రీలో 60 వస్తే ఫస్ట్ క్లాసు. ఇక్కడ 6 అంటే శత్రువా?" అవునమ్మా, ఇక్కడ 6 అంటే అదే.

ఇక సూత్రం. అప్‌వర్క్ తన జాబ్ సక్సెస్ స్కోరు గురించి బయటికి చెప్పిన మాట ఇది: బాగా ముగిసిన కాంట్రాక్టుల్లోంచి చెడ్డగా ముగిసినవి తీసేసి, మొత్తం కాంట్రాక్టులతో భాగించాలి. గత 6 నెలలకి, 12 నెలలకి, 24 నెలలకి విడివిడిగా వేసి, ఏది ఎక్కువొస్తే అది చూపిస్తారు. అక్కడ టాప్ రేటెడ్ బ్యాడ్జికి 90 శాతం ఉండాలి, ఏడాదిలో 1,000 డాలర్లు సంపాదించి ఉండాలి, ఇంకా కొన్ని షరతులున్నాయి. మా అమ్మాయి సైటు సాయం పేజీలో కూడా ఇదే అర్థం వచ్చేలా రాసి ఉంది, 90 గీతతో సహా. అందరి దారీ ఇదే కాదు. ఉబర్ డ్రైవరు రేటింగు, రేటింగు వచ్చిన చివరి 500 ట్రిప్పుల సగటు, తేదీలతో పనిలేదు. ఇంకో ఫ్రీలాన్స్ సైటు ఫైవర్ 2024 ఫిబ్రవరిలో 1 నుంచి 10 దాకా ఉండే సక్సెస్ స్కోరు తెచ్చి, పనిచేసేవాళ్ళ లెవెళ్ళని దానికి ముడిపెట్టింది.

ఈ సూత్రంలో జనం జారిపోయే చోటు ఆ "తీసేసి" అన్న మాట. 20 పనుల్లో ఒకటి చెడితే 95 శాతం అనుకుంటాం, బడి లెక్క ప్రకారం. ఇక్కడ 19లోంచి 1 తీసేస్తారు, 18ని 20తో భాగిస్తారు. 90. ఒక చెడ్డ కాంట్రాక్టు రెండుసార్లు కొడుతుంది, మంచివాటిలో ఒకటి తగ్గి ఒకసారి, పైనుంచి మైనస్ అయి ఇంకోసారి.

సూత్రం తెలిస్తే చాలదు, ఏ కాంట్రాక్టు ఎటు పడిందో తెలియాలి. అది సైటు చెప్పదు. ఇక్కడ మాకు దొరికిన ఆధారం కాస్త విచిత్రమైంది. ఈ అమ్మాయి స్కోరు బాగున్నప్పుడల్లా స్క్రీన్‌షాట్ తీసి ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేది. అత్తగారు చేతులు జోడించిన బొమ్మ పెట్టేవారు, మరిది పార్టీ ఎప్పుడు వదినా అనేవాడు. ఆ గ్రూపులో పైకి జరుపుకుంటూ వెళ్తే తేదీలతో సహా చరిత్రంతా ఉంది. 2024 జులైలో 100. సెప్టెంబరు మూడో వారంలో 95. నవంబరులో మళ్ళీ 95. 2025 జనవరి 3న 90, దానికింద "బ్యాడ్జి ఉందిలే" అని ఆమె మాట. తర్వాత ఫోటో ఫిబ్రవరి 11ది, 83. అది గ్రూపులో పెట్టలేదు, నాకు పంపింది.

నోటుబుక్కులో ముగిసిన కాంట్రాక్టులన్నీ వరసగా రాశాం. 2022 నవంబరులో ఖాతా తెరిచింది, మొదటి పని 2023 జనవరిలో దొరికింది. జులై 2024 నాటికి 37. అన్నీ మంచివే అనుకుంటే 100. సరిపోయింది. ఆగస్టు నెలాఖరులో 38వది ముగిసింది. అది చెడ్డదనుకుంటే 37లోంచి 1 పోతే 36, దాన్ని 38తో భాగిస్తే 94.7. స్క్రీన్ మీద 95. 39వది మంచిదే అనుకుంటే 94.9, అదీ 95గానే కనబడుతుంది. డిసెంబరు 9న 40వది ముగిసింది. అది చెడ్డదైతే 38లోంచి 2, 36 బై 40, కచ్చితంగా 90. మూడు ఫోటోలూ మూడు లెక్కలకీ అతికాయి. డబ్బు ఎక్కువున్న కాంట్రాక్టులకి ఎక్కువ బరువు ఇస్తారని, ఏళ్ళతరబడి ఉండే క్లయింట్లకి విలువ కడతారని అంటారు. మా నోటుబుక్కులో ఆ బరువుల్లేవు, నడుస్తున్న కాంట్రాక్టుల్నీ మేం కలపలేదు. అయినా ఇంత దగ్గరగా వచ్చిందంటే మిగతా కథ దీనిమీద కట్టొచ్చనుకున్నాను.

ఇప్పుడు ఆ రెండూ ఏమిటి?

38వ క్లయింటు కాలిఫోర్నియాలో చేతిపని వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్ముకునే ఆవిడ. 5 నక్షత్రాలిచ్చింది, థాంక్స్ అని ఒక ముక్క రాసింది. "ఈవిడా? అసాధ్యం" అంది మా అమ్మాయి. రేటింగు ఊసెత్తకుండా, పని ఎలా ఉంటే ఇంకా బాగుండేదో చెప్పమని రెండు వాక్యాలు రాయించాను. రెండు రోజులకి జవాబొచ్చింది. పని బాగుంది, కానీ ఏది అడిగినా రోజు పట్టేది, చివర్లో తనే కొన్ని సరిచేసుకుందట. మేం ఆగస్టు దాకా వెనక్కి వెళ్ళి మెసేజ్‌ల టైములు చూశాం. అప్పట్లో చిన్నదానికి జ్వరాలు, రాత్రి పని మానేసి పొద్దున్న పదింటికి కూర్చునేది. మనకి పొద్దున్న పదంటే ఆగస్టులో కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. ఆవిడ పొద్దున్న లేచి అడిగిన ప్రశ్న మనవాళ్ళు పడుకునే వేళకి వచ్చేది, జవాబు ఆవిడ పడుకునే వేళకి వెళ్ళేది. లెడ్జరులో ఒక్క తప్పూ లేదు. ఆవిడ చాటుగా 6 వేసిందో 5 వేసిందో మాకు తెలీదు, తెలిసే దారీ లేదు. కానీ ఆ జవాబు చదివాక మా అమ్మాయి ఇంక అసాధ్యమనలేదు.

40వది టెక్సాస్‌లో ఈతకొలనులు శుభ్రం చేసే ఒకాయనది. మూడు నెలల బ్యాంకు ఖాతా కలిపి ఇవ్వాలి, మొత్తం 80 డాలర్లు. ఎంత చేసినా 412.60 తేడా వస్తోంది. రెండు రాత్రులు కూర్చుంది. చివరికి చూస్తే ఆయన పంపిన మూడు స్టేట్‌మెంట్లలో ఒకటి వేరే ఖాతాది, నంబరు చివరి నాలుగంకెలు వేరు. తప్పు ఆయనదే. కానీ అది తేలేసరికి గడువు దాటింది, ఆయన విసుక్కున్నాడు, 2 నక్షత్రాలు వేశాడు. ఈమె గొడవెందుకని 80 డాలర్లూ వెనక్కి ఇచ్చేసింది. ఇస్తే మచ్చ పోతుందని ఎవరో చెప్పారట. పైనున్న మచ్చ పోయింది కూడా. నక్షత్రాలు మాయమయ్యాయి, 4.96 కదల్లేదు. కాంట్రాక్టు ఎలా ముగిసిందన్న లెక్కలో మాత్రం అది అలాగే ఉండిపోయింది. రెండు రాత్రుల పని, 80 డాలర్లు, స్కోరు, మూడూ పోయాయి. నన్నడిగితే డబ్బు వెనక్కివ్వడం ఒక్కోసారి మర్యాద, ఒక్కోసారి మనశ్శాంతి. స్కోరుకి మందని మాత్రం అనుకోకూడదు.

సరే, ఇవన్నీ డిసెంబరుకే అయిపోయాయి. జనవరి 3న 90 ఉంది. ఆ తర్వాత ఒక్క కాంట్రాక్టూ ముగియలేదు. ఒహాయో ఆయన పని తప్ప కొత్తదేదీ లేదు. మరి 83 ఎక్కణ్ణుంచి వచ్చింది?

లిస్టు మొదటికి వెళ్ళాం. అక్కడ తగిలింది. 2025 దాకా ఇచ్చిన డబ్బులకి అమెరికాలో లెక్క ఇది: బయటి మనిషి ఒకరికి ఏడాదిలో 600 డాలర్లు, అంతకుమించి పని డబ్బులిచ్చిన వ్యాపారాలు జనవరి 31లోగా 1099-ఎన్‌ఈసీ ఫారాలు పంపాలి. చిన్నవాళ్ళు ఏడాదంతా పట్టించుకోక జనవరిలో పరిగెడతారు. 2023 జనవరిలో మా అమ్మాయికి తొలి బోణీ ఆ గాలివాటంలోనే. జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా, 15 డాలర్లకొకటి, 20 డాలర్లకొకటి, పదహారుమంది క్లయింట్లకి పదహారు చిన్న లిస్టులు. అన్నీ అయిదు నక్షత్రాలే. ఆ పదహారూ రెండేళ్ళపాటు ఆమె స్కోరుని కింద నుంచి భుజాలమీద మోశాయి. 2025 ఫిబ్రవరి మొదటి వారానికి 24 నెలలు నిండి, లెక్కలోకి వచ్చే కాలం అనే కిటికీ దాటి ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి.

40లోంచి 16 పోతే 24. మంచివి 22, చెడ్డవి 2. 20 బై 24. 83.3.

ఆమె ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. "అంటే ఎవరూ ఏమీ అనలేదా?" ఎవరూ అనలేదు. జనవరంతా 1099ల పనిలో మునిగి ప్రొఫైల్ తెరవలేదు కాబట్టి ఒక్కసారిగా పడినట్టు కనబడింది. మధ్యలో చూసి ఉంటే 89, 88, 86 అంటూ మెట్లు దిగడం కనబడేది. అన్యాయంగా అనుమానపడ్డ ఒహాయో ఆయన మీద ఆ పూట ఆమెకి ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

12 నెలల కిటికీ చూశాం: 15 కాంట్రాక్టులు, 2 చెడ్డవి, 73. 6 నెలల కిటికీలో మూడే, అందులో రెండు ఇవే. అది చూడకపోవడమే మంచిది. మూడింట్లో మెరుగైనదే 83.

ఈలోగా సైటుకి కూడా రాసింది. వచ్చిన జవాబు అందరికీ పంపేదే: మీ స్కోరు అనేక అంశాల మీద ఆధారపడుతుంది, క్లయింట్ల గోప్యత దృష్ట్యా వివరాలు ఇవ్వలేం. ఐరోపా సమాఖ్య 2024లో ఇలా యాప్‌లు, సైట్ల ద్వారా పనిచేసేవాళ్ళ కోసం ఒక ఆదేశం తెచ్చింది. యంత్రాలు తీసుకున్న నిర్ణయాలకి వివరణ అడిగే హక్కు అందులో ఉంది, సభ్యదేశాలు 2026 డిసెంబరు 2లోగా దాన్ని తమ చట్టాల్లో చేర్చుకోవాలి. అది అక్కడ పనిచేసేవాళ్ళకి. కాకినాడలో కూర్చుని ఒహాయో లెడ్జర్లు రాసే మనిషి చేతికి అందదు. క్లయింటు చాటున చెప్పింది చాటునే ఉండాలనడం నాకు అర్థమవుతుంది, లేకపోతే అదీ నక్షత్రాల్లా మొహమాటం పాలవుతుంది. కానీ "మీ పాత పనులు 16 గడువు దాటాయి" అని ఒక్క ముక్క చెప్పడానికి ఏ క్లయింటు గోప్యతా అడ్డు రాదు. ఆ ఒక్క వాక్యం ఉంటే ఆ రాత్రి ఫోను వచ్చేది కాదు.

బ్యాడ్జి పోయిన ఫలితం వెంటనే తెలిసింది. పనికి రమ్మని క్లయింట్ల నుంచి వారానికి అయిదారు ఇన్విటేషన్లు వచ్చేవి, ఒకటికి పడిపోయాయి. గంటకి 14 డాలర్లు తీసుకునే మనిషి మార్చిలో ఒక పని 9కి ఒప్పుకుంది. నేను వద్దన్నాను, వినలేదు. పిల్లల ఫీజులు కట్టాలి మరి.

24 నెలల కిటికీలో మళ్ళీ 90 రావాలంటే ఎన్ని మంచి పనులు కావాలో వేశాం. 20కి ఎన్ని కలిపితే, 24కి అన్నే కలిపి భాగిస్తే 90 వస్తుంది? 36 బై 40. అంటే సరిగ్గా 16. పోయినవెన్నో అన్నే. పైగా 2023లో మిగిలిన పనులు కూడా ఒక్కొక్కటే దాటిపోతుంటాయి కాబట్టి పదహారుతో కూడా సరిపోదు. "నావల్ల కాదక్కా" అంది.

అక్కడే నోటుబుక్కు తిప్పాను. మూడు కిటికీల్లో మెరుగైనది చూపిస్తారు కదా. రెండో చెడ్డ కాంట్రాక్టు డిసెంబరు 9న ముగిసింది. జూన్ 9 దాటితే 6 నెలల కిటికీలో రెండూ ఉండవు. అప్పటికి ఆ కిటికీలో ఉన్నవన్నీ మంచివైతే చాలు. పదహారు అక్కర్లేదు, అయిదారు చాలు, కాకపోతే ఒక్కటి కూడా చెడకూడదు. ఆరులో ఒకటి చెడితే 67.

అందుకని కొత్తవాళ్ళ వెంట పడొద్దన్నాను. ఇదివరకు పనిచేసిన క్లయింట్లలో ఎనిమిదిమందికి రాసింది, త్రైమాసికం లెక్కలు సరిచూసిపెడతానని. నలుగురు పని ఇచ్చారు, వాళ్ళలో ఒకరు ఇంకొకర్ని పంపారు. ఆ 9 డాలర్ల పనితో కలిపి ఆరు. పద్ధతిలో మార్చింది రెండే విషయాలు. పని మొదలయ్యే రోజే "మీరు రాత్రిలోపు అడిగినదానికి మీ పొద్దున్నకల్లా జవాబుంటుంది" అని టైముతో సహా రాసిపెట్టడం, పిల్లలు పడుకున్నాక పదింటికి ఒక అరగంట కేవలం మెసేజ్‌లకి కేటాయించడం. రెండోది, స్టేట్‌మెంట్లు రాగానే ప్రతిదాని మీదా ఖాతా చివరి నాలుగంకెలు, మొదటి నిల్వ, చివరి నిల్వ ఒక పట్టీలో రాసి క్లయింటు చేత సరేననిపించుకున్నాకే లెడ్జరు తెరవడం. ఏప్రిల్‌లో ఆ పట్టీ దగ్గరే మళ్ళీ ఒక తప్పు స్టేట్‌మెంటు దొరికింది. అయిదు నిమిషాల్లో తేలిపోయింది. 412.60 గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం.

ఏప్రిల్‌లో 84 చూపించింది, మేలో 85. నోటుబుక్కు కూడా అంతే అంది. జూన్ 9 రాత్రి ఆమె పన్నెండు దాకా మేలుకుని చూసిందట, ఏమీ మారలేదు. 11న తెరిస్తే 97.

మా లెక్క ప్రకారం 100 రావాలి. ఆరుకి ఆరూ మంచివైతే 97 ఎలా వస్తుందో ఏ గుణకారంతోనూ నేను రాబట్టలేకపోయాను. ఆరుగురిలో ఒకాయన డబ్బు చెల్లించి, ఫీడ్‌బ్యాక్ ఏమీ రాయకుండా వెళ్ళిపోయాడు. దానివల్ల కావచ్చు. బరువుల వల్ల కావచ్చు. బ్యాడ్జి ఇంకో నాలుగు వారాలకి వచ్చింది. ఇన్విటేషన్లు ఆగస్టుకి వారానికి నాలుగు, మునుపటంత లేవు.

ఇప్పుడు సోమవారం సోమవారం స్కోరు నోటుబుక్కులో రాస్తోంది, పక్కన ఆ వారం ఏవి ముగిశాయో, ఏవి 24 నెలలు దాటబోతున్నాయో. గ్రూపులో పెట్టడం మానేసింది. అత్తగారు మొన్న అడిగారట, ఈమధ్య నీ నంబరు పెట్టట్లేదేం అమ్మాయ్ అని. "97 అండీ" అందట. "వందలో మూడు ఎక్కడ పోయాయి?" అన్నారట ఆవిడ.